ఐదు మార్కుల పన్ను

హాస్టల్, రెండో అంతస్తు, మెట్ల పక్క గది
ఆదివారం

అన్నయ్యా,

ఫోన్ ఎందుకు చెయ్యలేదని మొదలుపెట్టకు. మొదటి సంవత్సరం వాళ్ళ ఫోన్లన్నీ వార్డెన్ బీరువాలో ఉన్నాయి. ఆదివారం పది నిమిషాలు ఇస్తుంది, అదీ ఆవిడ ఎదురుగా నిలబడి మాట్లాడాలి. అలా నిలబడితే "తిన్నాను, చదువుతున్నాను, ఉంటాను" తప్ప నోట్లోంచి ఇంకో మాట రాదు. అందుకే ఈ ఉత్తరం. మన వర్క్‌షాప్ నుంచి మా డెంటల్ కాలేజీ క్లినిక్‌కి కట్టుడుపళ్ళ డబ్బా వారానికి రెండుసార్లు బస్సులో వస్తుంది కదా, ఖాళీ డబ్బా వెనక్కి పంపేటప్పుడు ఇది అందులో పెట్టమని క్లినిక్ అటెండర్‌కి ఇస్తున్నాను. నువ్వూ అందులోనే పంపు.

చేరి ఆరు వారాలైంది. ఇక్కడ ఏది చూసినా ఒళ్ళు మండుతోంది. మొదటి రోజే తలా ఒక కాగితం ఇచ్చి "నేను ఎవరు, ఈ చదువుకి ఎందుకు వచ్చాను" అని ఒక పేజీ రాయమన్నారు. నా పక్కమ్మాయి రెండు పేజీలు రాసింది. వాళ్ళ తాత డాక్టరు, అమ్మ డాక్టరు, తనకి చిన్నప్పటి నుంచీ మనుషుల చిరునవ్వులు కాపాడాలని కల. క్లాసులో అందరూ ఆమెని టాపర్ అంటున్నారు, ఇంకా ఒక్క పరీక్షైనా జరగకుండానే! నేను గంటసేపు పెన్ను కొరుక్కుంటూ కూర్చుని, చివరికి నాలుగు లైన్లు రాశాను. నాకేం కల ఉంది చెప్పు? నువ్వు రాసిన ఎంట్రన్స్ పరీక్షే నేనూ రాశాను, నాకు సీటు వచ్చింది. ఆ మాట కాగితం మీద పెట్టలేం కదా. కింద "తండ్రి వృత్తి" అన్నచోట "వ్యాపారం" అని రాశాను.

ఇంకో మంట. వారానికి ఒక పన్ను మైనంలో చెక్కి ఇవ్వాలి. గదిలోనే చెక్కుకుని శనివారం అప్పజెప్పాలి. నాకు ఇందులోనైనా తిరుగుండదనుకున్నాను, పుట్టినప్పటి నుంచీ మైనం వాసనలో పెరిగినదాన్ని. పదికి ఐదు వచ్చింది. కిందటి వారమూ ఐదే. జీవితంలో కత్తి పట్టని వాళ్ళకి తొమ్మిది! చెక్కడం నేర్పే మేడమ్ నా పన్నుని అటూ ఇటూ తిప్పి, "ల్యాబ్ పనివాళ్ళు చేసినట్టుంది, డాక్టర్ చేసినట్టు లేదు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అది తలుచుకుంటేనే ఇప్పుడు చెంపలు వాయించుకోవాలనిపిస్తోంది.

నాకేం రాదా, లేక నాన్న మనకి నేర్పిందే తప్పా? నిజం చెప్పు.

నీ చెల్లెలు

·

వర్క్‌షాప్, కిటికీ పక్క బల్ల
గురువారం

వ్యాపారవేత్త గారి కూతురికి,

నీ ఉత్తరం నాన్నకి చదివి వినిపించాను. "వ్యాపారం" దగ్గరికి వచ్చేసరికి దగ్గు వచ్చినట్టు దగ్గి ఆ లైను దాటేశాను. ముప్పై ఏళ్ళుగా ప్లాస్టర్ పొడి పీలుస్తున్న మనిషి. ఇప్పుడు చెయ్యి వణికి పళ్ళు అమర్చడం నాకు వదిలేసి, అచ్చులు పోస్తూ కూర్చుంటున్నాడు. మనం అమ్మేది ఏ సరుకో, మన కొట్టు ఏ వీధిలో ఉందో నాకూ చెప్తే సంతోషిస్తాను. "కట్టుడుపళ్ళు చేస్తాడు" అని రాయడానికి నీ పెన్నులో ఇంకు చాలలేదా?

సరే, తిట్టడం అయింది. నాన్న నేర్పింది తప్పు కాదు. ఈ ఊళ్ళో సగం మంది ముసలివాళ్ళు ఆయన పళ్ళతోనే నములుతున్నారు. ఐదు వస్తే ఐదు, దానికి అంత గోల దేనికి? పై క్లాసులకి వెళ్ళాక మైనం చెక్కేది లేదు, పళ్ళు పీకడమే. అప్పుడు నీ టాపర్ చిరునవ్వులు కాపాడుతుందో, ఊడగొడుతుందో చూద్దాం.

అన్నట్టు, ఆ తొమ్మిది వచ్చిన పళ్ళ గురించి మేడమ్ సరిగ్గా ఏమంది? మాటకి మాట రాయి. ఊరికే అడుగుతున్నాను.

అన్నయ్య

·

హాస్టల్
మంగళవారం

అన్నయ్యా,

మాటకి మాట కావాలన్నావు కదా, రాసుకో. "ఈ పదకొండు పళ్ళూ చూడండి, పుస్తకంలో బొమ్మ కూడా ఇంత బాగుండదు. వీటిని చెక్కినవాళ్ళకి చెయ్యి పుట్టుకతో వచ్చింది" అంది. అని వాటిని గాజు బీరువాలో పెట్టి, తక్కువ మార్కులు వచ్చినవాళ్ళని దగ్గరికి వెళ్ళి చూసి నేర్చుకోమంది.

వెళ్ళాను. చూశాను.

కత్తి గీతలన్నీ ఎడమ నుంచి వాలి ఉన్నాయి. నాన్న ఎడమచేతి వాటం మనిషి కాబట్టి మనిద్దరికీ పెన్ను కుడిచేత్తో, కత్తి ఎడమచేత్తో అలవాటైంది. ఈ క్లాసు మొత్తంలో ఎడమచేత్తో చెక్కేది నేనొక్కదాన్నే. మరి ఆ బీరువాలో పదకొండు పళ్ళకి ఎడమచెయ్యి ఎక్కణ్ణుంచి వచ్చింది? చివర్లో పాత పట్టుగుడ్డతో రుద్దిన నునుపు కూడా నాకు తెలుసు. అది మన బల్ల సొరుగులో ఉండే గుడ్డ.

అటెండర్‌ని అడిగాను. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు నేను సగం అడగకముందే "నాకేం తెలీదమ్మా, మీ అన్నయ్యే కదా పంపేది, నీకు తెలుసనుకున్నా" అన్నాడు. నా ఉత్తరాలు వచ్చే డబ్బాలోనే వాళ్ళ పళ్ళూ వస్తున్నాయి! నేను ఇక్కడ కళ్ళు పోయేలా చెక్కి ఐదు తెచ్చుకుంటుంటే, నువ్వు అక్కడ కూర్చుని నా పక్కమ్మాయికి తొమ్మిది తెప్పిస్తున్నావు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను.

ఒక్క మాట చెప్పు. నన్ను ఓదారుస్తూ ఆ ఉత్తరం రాసినప్పుడు నీకు నవ్వు వచ్చిందా?

·

వర్క్‌షాప్
శుక్రవారం

చెల్లీ,

అవును. వచ్చింది.

నువ్వు అడిగావు కాబట్టి చెప్తున్నాను, ఇక ఏదీ దాచను. అటెండర్ వచ్చి పిల్లలకి పళ్ళు కావాలంటున్నారని అడిగితే మొదట కసిరాను. తరువాత ఒకటి చేసి ఇచ్చాను. డబ్బు కోసం అనుకుంటావు. ఇచ్చారు, తీసుకున్నాను, కాదనను. కానీ రెండోసారి నేను అటెండర్‌ని మొదట అడిగింది "మార్కులెన్ని వచ్చాయి" అని. తొమ్మిది అన్నాడు. ఆ రోజు పని మానేసి వీధి చివరి దాకా ఒక్కణ్ణే నడిచి వచ్చాను.

మూడుసార్లు రాశాను ఆ పరీక్ష. మూడుసార్లూ పోయింది. మూడోసారి పోయినప్పుడు నువ్వు స్కూల్లో ఉన్నావు, నీకు గుర్తుండదు. రసాయన శాస్త్రంలో సూత్రాలు రాలేదు, అందుకని నాకు పన్ను తెలియదని తేల్చేశారు. ఆ కాలేజీలో నాకు సీటు రాలేదు. నా పళ్ళకి వచ్చింది, గాజు బీరువాలో. చెయ్యి పుట్టుకతో వచ్చిందని ఆవిడ అన్న మాట నువ్వు రాశాక ఎన్నిసార్లు చదువుకున్నానో లెక్క లేదు.

నీకు ఐదు వచ్చిందన్నప్పుడు సంతోషించాను. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ సంతోషించాను. ఒకే బల్ల దగ్గర నేర్చుకున్నాం. నువ్వు వెళ్ళావు, నేను ఉండిపోయాను. కనీసం చెక్కడంలోనైనా నేను పైన ఉన్నానని తెలిసింది.

నీకు కోపం రావడం న్యాయమే. కానీ ఆ సీటులో కూర్చుని "నాకేం కల ఉంది" అని రాశావు చూడు, నాకూ అంతే కోపం వచ్చింది. నేను మూడేళ్ళు కన్న కలలో కూర్చుని, నీకు అక్కడేం పనో తెలియదంటావా?

అన్నయ్య

·

హాస్టల్
సోమవారం

అన్నయ్యా,

నీ ఉత్తరానికి జవాబు చాలా ఉంది. ఇప్పుడు తీరిక లేదు. నీ సంతోషం నా మెడకి చుట్టుకుంది.

శనివారం మేడమ్ అందరి పళ్ళూ దీపం కింద వరసగా పెట్టి చూసింది. ఆవిడకి కళ్ళున్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి. పదకొండూ ఒకే చెయ్యి అని పట్టేసింది. పిలిచి అడిగితే ఆ పదకొండు మందీ బిక్కమొహాలు వేసుకుని కొన్నామని ఒప్పుకున్నారు, ఎవరు చెక్కారో తెలియదన్నారు. అటెండర్ తనకి అసలు మైనం అంటే ఏమిటో తెలియదన్నాడు. అప్పుడు మేడమ్ "క్లాసులో ఎడమచేతివాటం ఎవరు?" అంది. టాపర్ నా వైపు చూసింది. మహాతల్లి, ఆ చూపు చాలింది.

నా చేతికి మైనం దిమ్మ ఇచ్చి అందరి ముందూ చెక్కమన్నారు. ముందుకి పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. కుడిచేత్తో పట్టుకుంటే చెయ్యి మార్చి నాటకమాడుతున్నానంటారు. ఎడమచేత్తో పట్టుకుంటే దొరికిపోయానంటారు. ఎడమచేత్తోనే చెక్కాను. నలభై నిమిషాలు పట్టింది. అయ్యాక మేడమ్ దాన్ని బీరువాలో వాటి పక్కన పెట్టి, "గీతలు చూడండి, అదే వాలు. తనకి ఐదు వచ్చేలా చెక్కుకుని, బాగా చెక్కినవి అమ్ముకుంది. ఎంత తెలివి!" అంది.

తెలివట! క్లాసులో నిజంగా తన పన్ను తను చెక్కుకున్నవాళ్ళలో నేనొకదాన్ని. దొంగగా నిలబెట్టింది నన్ను. కొన్నవాళ్ళు మళ్ళీ చెక్కి ఇస్తే సరిపోతుందట. అమ్మినవాళ్ళకి మాత్రం శిక్ష. వచ్చే వారం శుక్రవారం పదింటికల్లా ఒప్పుకుంటూ రాసిస్తే ఒక ఏడాది సస్పెన్షన్. రాసివ్వకపోతే కమిటీ, పేరు కొట్టివేత.

మా అన్నయ్య చెక్కాడండీ అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగాను. ఎందుకు మింగానో నాకే తెలియదు. నువ్వు చెప్పు, ఏం చెయ్యమంటావు?

·

వర్క్‌షాప్
బుధవారం

చెల్లీ,

నాన్నకి ఏమీ చెప్పలేదు. రెండు రోజులు ఆలోచించాను. కోపం తెచ్చుకోకుండా చివరి దాకా చదువు.

మనకి వచ్చే పనిలో సగానికి పైగా ఆ క్లినిక్‌దే. నా పేరు బయటికి వస్తే మర్నాడే మన వర్క్‌షాప్‌ని జాబితాలోంచి తీసేస్తారు. ఒక కాలేజీ తీసేస్తే మిగతా డాక్టర్లూ అదే చేస్తారు. ఈ లోకంలో పళ్ళవాళ్ళందరూ ఒకళ్ళకొకళ్ళు తెలుసు. నాన్న ఈ వయసులో వేరే వాళ్ళ వర్క్‌షాప్‌కి వెళ్ళి అచ్చులు పోసుకోవాలి. ఆ వణికే చేతికి ఎవరిస్తారు పని?

నీకైతే ఒక ఏడాదే పోతుంది. ఇంటికి వచ్చి ఉండు. వచ్చే ఏడాది మళ్ళీ అదే సీటులో కూర్చుంటావు. నువ్వే రాశావు కదా, అక్కడ ఎందుకు ఉన్నావో నీకే తెలియదని. తెలియని చోటుకి ఒక ఏడాది ఆలస్యంగా వెళ్తే ఏం మునిగింది? నువ్వే చెక్కానని రాసిచ్చెయ్యి. మన ఇంటి కోసం ఒక్క సంతకం.

నేను తప్పు చేశాను, కాదనను. కానీ ఇప్పుడు తప్పెవరిదని కాదు, ఎవరికి తక్కువ దెబ్బ తగులుతుందని చూడాలి.

అన్నయ్య

·

హాస్టల్, మధ్యాహ్నం, క్లాసు ఎగ్గొట్టి
మంగళవారం

అన్నయ్యా,

చివరి దాకా చదివాను. నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి చదివాక ఆ కాగితాన్ని ఉండచుట్టి గోడకేసి కొట్టి, మళ్ళీ తీసి మడతలు సరిచేసి చదివాను.

"నీకైతే ఒక ఏడాదే" అని ఎంత తేలిగ్గా రాశావు! ఏడాది సంగతి వదిలెయ్. ఆ పదకొండు పళ్ళూ నేనే చెక్కానని నన్ను సంతకం పెట్టమంటున్నావు. అంటే నా చేత్తో చెక్కిన నా పన్ను అబద్ధమని, కావాలని చెడగొట్టి పెట్టుకున్నానని ఒప్పుకోవాలి. అన్నయ్యా, ఈ కాలేజీకి వచ్చాక నాదంటూ నేను చేసింది ఆ పన్నొక్కటే. ఈ సీటు నీదంటావు. కత్తి పట్టిన పద్ధతి నాన్నది. ఆ నాలుగు లైన్ల పేజీ పక్కవాళ్ళది చూసి రాసింది. వృత్తి అన్నచోట రాసింది పచ్చి అబద్ధం, అందుకు నాన్న కాళ్ళు పట్టుకుంటాను, నువ్వు దగ్గి దాటెయ్యనక్కర్లేదు. మిగిలింది ఆ ఐదు మార్కులే. అవి కూడా నీకే కావాలా?

మేడమ్ ముందు నీ పేరు ఎందుకు మింగానో పది రోజులుగా ఆలోచిస్తున్నాను. నాన్న చెయ్యి గుర్తొచ్చి అనుకున్నాను. కాదు. నువ్వే వచ్చి చెప్తావనుకున్నాను. నేను చెప్పకముందే బస్సెక్కి వస్తావనుకున్నాను. చిన్నప్పుడు నేను అచ్చు పగలగొడితే, నువ్వే పగలగొట్టినట్టు నాన్నతో చెప్పేవాడివి కదా, ఆ అన్నయ్య వస్తాడనుకున్నాను. నువ్వు రాలేదు, సంతకం పెట్టమని ఉత్తరం వచ్చింది.

శుక్రవారం పదింటికి నిజం రాసి ఇస్తున్నాను. వర్క్‌షాప్ పోతే పోతుంది, అప్పుడు నేనూ వచ్చి నాన్న పక్కన అచ్చులు పోస్తాను. నీకు ముందే చెప్తున్నాను, నీ వెనక చెయ్యడం నాకు చేతకాదు కాబట్టి. దీనికి జవాబు రాయకు.

·

వర్క్‌షాప్
గురువారం

పళ్ళ చెక్కుడు నేర్పే మేడమ్ గారికి,

మీ క్లినిక్‌కి కట్టుడుపళ్ళు చేసి పంపే వర్క్‌షాప్‌లో పనిచేసేవాణ్ణి. ఈ ఉత్తరం నేనే బస్సెక్కి తెచ్చి, రేపు తొమ్మిదిన్నరకి మీ చేతికి ఇస్తాను. ఎదురుగా నిలబడితే మాట తడబడుతుందని రాసి తెచ్చుకుంటున్నాను. మా నాన్నకి నిన్న రాత్రి జరిగిందంతా చెప్పాను. ఆయన కొట్టలేదు, తిట్టలేదు, కత్తులన్నీ సొరుగులో పెట్టి తాళం వేశాడు.

మీ బీరువాలో ఉన్న పదకొండు దవడపళ్ళూ నేను చెక్కినవి. మీ అటెండర్ అడిగితే అమ్మాను. ఎడమచేతివాటం మా నాన్నది, ఆయన దగ్గరే నేనూ నా చెల్లెలూ నేర్చుకున్నాం. నా చెల్లెలికి నేను అమ్ముతున్న సంగతి వాటిని చూసేదాకా తెలియదు. తెలిశాక నన్ను తిట్టిన తిట్లు మీకు రాయలేను. తప్పంతా తన మీద వేసుకోమని ఆమెకి నేనే ఉత్తరం రాశాను. అది కూడా మీకు తెలియాలి.

ఒట్టి మాట మీద నమ్మమనడం లేదు. కావాలంటే మీ ముందు కూర్చుని చెక్కుతాను, దిమ్మ ఇవ్వండి. నేను ఇంతకుముందు మీ కాలేజీ గేటు దాటి లోపలికి వచ్చింది, ఎప్పుడైనా బస్సు తప్పితే డబ్బా ఇవ్వడానికే. చెక్కడానికి కూర్చోమని ఎవరూ అనలేదు.

అంతకన్నా సులువైన దారి ఇంకోటి ఉంది. నా చెల్లెలి ఐదు మార్కుల పన్ను, మీ అందరి ముందూ చెక్కిన పన్ను, నావి పదకొండు, అన్నీ పక్కపక్కన పెట్టండి. గీతల వాలు చూడకండి, అది మా ఇంట్లో ముగ్గురికీ ఒకటే. నమలే వైపు నడిమి గాడిలో సూది మొన పెట్టి లోతు చూడండి. నా పదకొండింటిలోనూ లోతు సరిగ్గా ఉంటుంది. ఆమె రెండింటిలోనూ ఎక్కువ దిగిపోయి ఉంటుంది. మీరు మార్కులు తీసేసింది అందుకేనని నాకు చూడకుండానే తెలుసు.

ఆ తప్పు ఆమె పదకొండేళ్ళ వయసు నుంచీ చేస్తోంది. గాడి సరిపోయాక కూడా సరిపోయిందో లేదో అని ఇంకొక్కసారి కత్తి పెడుతుంది. నాన్న చెప్పాడు, నేను నెత్తి మీద మొట్టికాయలు వేశాను, మానలేదు. మీ ముందు అంత భయంలో చెక్కినప్పుడు కూడా మాని ఉండదు. కావాలని చెడగొట్టేవాళ్ళు ఎక్కడో ఒకచోట చెడగొడతారు కానీ, ప్రతిసారీ అదే చోట, అంతే లోతు చెడగొట్టలేరు. నేను ప్రయత్నించి చూశాను మేడమ్. నిన్నంతా కూర్చుని ఆమె తప్పు నా చేత్తో చెయ్యాలని చూశాను. నాకు రాలేదు.

మా వర్క్‌షాప్‌ని జాబితాలోంచి తీసేస్తారని తెలుసు. అడ్డం రాను. ఆ పదకొండు పళ్ళకి మీరు వేసిన తొమ్మిదులు కొట్టేస్తారు, అదీ న్యాయమే. కానీ నా చెల్లెలి మార్కులు దయచేసి ముట్టుకోకండి, జాలిపడి ఒకటి పెంచకండి కూడా. నేనైతే ఆ పన్నుకి నాలుగే వేసేవాణ్ణి. మీరు ఐదు వేశారు, ఆ ఐదూ ఆమెవి.